రక్తం పలచన చేసే మాత్రల గది

ఆ గది

కార్డియాలజీలో కొత్తగా చేరే నర్సమ్మాయిలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఐసీయూ మంచిదా, గుండె రక్తనాళాలు పరీక్షించే క్యాత్ ల్యాబ్ మంచిదా అని. రెండూ మంచివే. కానీ వీలైతే అవుట్‌పేషెంట్ వరండా చివర, లిఫ్టు పక్కన, కిటికీ సగమే తెరుచుకునే ఆ చిన్న గదిని అడిగి వేయించుకోండి అంటాను. వాళ్ళు ముఖం చిట్లిస్తారు. అక్కడ మానిటర్ల మోత ఉండదు, పరుగులు ఉండవు. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీయడం, మాత్ర కాస్త పెంచడమో తగ్గించడమో, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పడం, అంతే. చూసేవాళ్ళకు అది ఉద్యోగంలా కూడా కనిపించదు. నా సర్వీసులో పెద్ద భాగం ఆ గదిలోనే గడిచింది. ఇంకెక్కడికీ పంపవద్దని నేనే అడిగి మరీ అక్కడ ఉన్నాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మాది బాపట్ల దగ్గర పల్లె. నర్సింగు చదువు అయ్యాక మా చర్చిలోని ఒక అక్క వెంట బెంగుళూరు వచ్చి, యలహంకలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. రెండేళ్ళు చేసి వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేదు. వచ్చిన కొత్తలో కన్నడం రాదని భయపడ్డాను గానీ, నన్ను ఎక్కువ తికమక పెట్టింది ఇక్కడి తెలుగే. తరతరాలుగా ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు "నొప్పి ఉండాది", "మా నాయన బాగుండాడు" అంటుంటే నవ్వు ఆపుకునేదాన్ని. ఇప్పుడు ఫోనులో నా మాట విని మా చెల్లెలు నవ్వుతోంది.

ఆ గదికి వచ్చేవాళ్ళలో చాలామందిది ఒకటే జబ్బు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండెకు పైన రెండు గదులు, కింద రెండు. పై గదులు పద్ధతిగా ముడుచుకుని రక్తాన్ని కిందికి తోయాలి. ఈ జబ్బులో అవి ముడుచుకోవడం మాని ఊరికే వణుకుతుంటాయి. నాడి పట్టుకుంటే ఒక దెబ్బ తొందరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి బలంగా, ఒకటి అసలు వేలికి అందకుండా వస్తుంది. కొందరికి దడ, ఆయాసం, నీరసం. కొందరికి ఏమీ తెలియదు. దడ ఒక్కటే అయితే ఇంత కథ లేదు. వణికే గదిలో రక్తం నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఏదో ఒక రోజు జారి మెదడుకు పోతే పక్షవాతం.

అందుకే గుండె వేగం తగ్గించే మందుతో పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే మందు కూడా ఇస్తారు. జనం దాన్ని రక్తం పలచన చేసే మాత్ర అంటారు. నిజానికి రక్తం పలచబడదు, గడ్డకట్టడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది. మోతాదు ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే పక్షవాతం వస్తుంది. ఆ రెండింటి మధ్య సన్నటి గట్టు మీద మనిషిని నడిపించడం మా గది పని.

డాక్టరమ్మ

ఆ గదిని పెట్టించిన మనిషి డాక్టర్ వసుంధర. మండ్య వైపు కన్నడిగురాలు. తెలుగు మొత్తం పేషెంట్ల దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చంగా బెంగుళూరు పాతపేటల తెలుగే మాట్లాడేది. పెద్ద డాక్టరు "ఏమప్పా, ఎట్ల ఉండావు?" అని పలకరిస్తే ముసలాయనలు సగం జబ్బు అక్కడే మరిచిపోయేవాళ్ళు. స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి గానీ ఎవరి ఛాతీ మీదా పెట్టేది కాదు. మనిషి ఎదురుగా ఉండగా ఆ మనిషి గురించి పక్కవాళ్ళతో మాట్లాడితే మాత్రం ఊరుకునేది కాదు. ఒకసారి ఒక కుర్ర డాక్టరు "నాలుగో బెడ్ ఫిబ్రిలేషన్" అన్నాడు. ఆవిడ వెళ్ళి ఫిబ్రిలేషన్ పేరేమిటో, ఊరేదో, పొద్దున ఏం తిన్నదో కనుక్కుని రమ్మని పంపింది. అతను అరగంట తర్వాత వచ్చాడు. నాలుగో బెడ్డు ఆమె పలమనేరు ఆమె అనీ, రాత్రంతా కాళ్ళు పీకుతున్నా చెప్పడానికి మొహమాటపడిందనీ అప్పుడు బయటపడింది.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నవాటిలో మొదటిది నాడి పట్టుకోవడం. బీపీ మిషను ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె బాగానే ఉంటుంది. నాడి క్రమం తప్పిందో లేదో ఆ అంకె చెప్పదు. పూర్తిగా ఒక నిమిషం వేళ్ళు కదపకుండా పట్టుకుని, మాట్లాడకుండా కూర్చోవాలి. ఇప్పటి ఆసుపత్రుల్లో ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చునే నర్సును సోమరిపోతు అనుకుంటారు. అనుకోనివ్వండి.

ఇంత మంచి డాక్టరుకు ఒక వెనకడుగు ఉండేది. గుండె కవాటాలు చెడిన పేషెంట్లకు ఆ పలచన చేసే మాత్ర, వార్ఫరిన్, ధైర్యంగా ఇచ్చేది. కవాటాలు బాగుండి, వయసు మీద పడి, నాడి మాత్రం తప్పిన వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కలం ఆగిపోయేది. దాని బదులు అంత బలం లేని ఆస్పిరిన్ రాసి పంపేది. అప్పట్లో చాలామంది డాక్టర్లు అలాగే చేసేవాళ్ళు. ఒకసారి ఎందుకని అడిగాను. "ముసలోళ్ళు పడతారు సుగుణా" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం మామూలుగా లేదు. నేను మళ్ళీ అడగలేదు.

వెంకటరమణప్ప

వెంకటరమణప్ప పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. యలహంక పాత ఊళ్ళో ఆయన చేతి సారు, అంటే మన పప్పుపులుసు, తినని ఇల్లు ఉండేది కాదు. పొడుగ్గా, సన్నగా, మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలతో ఉండేవాడు. భార్య సరోజమ్మ పొట్టిగా ఉండేది. ఆయన మాట మొదలుపెడితే పూర్తి చేసేది ఆమే. ఆయన "మొన్న..." అంటే ఆమె "మొన్న మండపం మెట్లు ఎక్కేటప్పుడు" అని అందుకునేది. ఆయన దానికి నొచ్చుకున్నట్టు నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడే శ్రమ తప్పినందుకు సుఖపడినట్టే ఉండేవాడు.

తన జబ్బు గురించి మాత్రం మొదటిరోజు ఆయనే చెప్పాడు.

"పొయ్యి దగ్గర నిలబడితే ఎదలో కోడి రెక్కలు కొట్టుకున్నట్ల ఉండాది సిస్టరమ్మా. స్వల్ప సేపు కూచుంటే పోతాది."

నాడి పట్టుకున్నాను. కోడే. ఈసీజీలో కూడా అదే తేలింది. వయసు డెబ్బైకి దగ్గర, బీపీ ఉంది. ఇప్పుడైతే గడ్డకట్టకుండా చూసే మాత్ర ఇవ్వడానికి రెండో ఆలోచన ఉండదు. డాక్టరమ్మ ఆయన చేతుల వైపు చాలాసేపు చూసింది. పొద్దస్తమానం కత్తులు, ఈలపీటలు, జారే నేల, కాగే నూనె. తెగితే రక్తం ఆగదేమో, పడితే తలలో కారుతుందేమో అంది. వేగం తగ్గించే మాత్ర, బీపీ మాత్ర, ఆస్పిరిన్ రాసింది.

బయటికి వచ్చాక సరోజమ్మ వరండాలో నన్ను ఆపి, ఈ జబ్బుతో భయపడాల్సింది ఏమైనా ఉందా, నిజం చెప్పమంది. పక్షవాతం రావచ్చని చెప్పి, మూడు సంగతులు చూడమన్నాను: మూతి ఒక పక్కకు లాగడం, చెయ్యి ఎత్తితే జారిపోవడం, మాట తేడా రావడం. వీటిలో ఒక్కటి కనిపించినా మంచినీళ్ళు కూడా తాగించకుండా ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను. ఆమె ఆ మూడింటినీ నాకు తిరిగి అప్పజెప్పి వెళ్ళింది.

అవి ఆమెకు పనికొచ్చిన రోజు ఒక పెళ్ళి రోజే. యలహంకలోనే ఒక కల్యాణ మండపం. ఆ పొద్దున వంటశాలలో సారు మరుగుతోంది. వెంకటరమణప్ప ఉప్పు చూసి గరిటె తిప్పుతుండగా అది కుడి చేతిలోంచి జారి పడింది. వంటవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వబోయాడు. నవ్వు ఒక పక్కకే వచ్చింది. కొత్తిమీర ఏరుతున్న సరోజమ్మ అది చూసింది. లేచి వెళ్ళి రెండు చేతులూ ఎత్తమంది. ఎడమ చెయ్యి లేచింది. ఏమైందని అడిగితే ఆయన "కొబ్బరి" అన్నాడు. మళ్ళీ అడిగితే, కోపంగా, "కొబ్బరి, కొబ్బరి" అన్నాడు.

చుట్టూ మనుషులు చేరారు. పైత్యం అన్నారు ఒకరు. షుగరు పడిపోయిందని పెళ్ళికూతురి మేనమామ ఒక లడ్డూ తెచ్చాడు. ఎవరో సోడా తెచ్చారు. సరోజమ్మ రెండింటినీ చేత్తో తోసేసింది. ఆటో కోసం చూడకుండా నేరుగా పెళ్ళికొడుకు తండ్రి దగ్గరికి వెళ్ళి, బయట పూలు కట్టి నిలబెట్టిన కారు కావాలంది. ఆయన ఒక్క మాట కూడా అడగకుండా తాళాలు ఇచ్చాడు. ఆ మనిషి పేరు నాకు ఈరోజుకీ తెలియదు. ఆయన బాగుండాలి.

క్యాజువాలిటీ ముందు మల్లెపూల కారు ఆగితే సెక్యూరిటీవాళ్ళు ఎవరో పెళ్ళివాళ్ళు దారి తప్పి వచ్చారనుకున్నారు. నేను కిటికీలోంచి సరోజమ్మను చూసి కిందికి పరుగెత్తాను. ఇలాంటప్పుడు డాక్టర్లు మొదట అడిగేది, ఎప్పుడు మొదలైంది అని. చాలామంది చెప్పలేరు. అది తెలియకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం కష్టం, ఆలస్యమైతే ఇవ్వకూడదు. సరోజమ్మ తడుముకోలేదు. "నాదస్వరం మొదలుపెట్టేటప్పుడు బాగుండాడు. ఉప్పు చూసి సరిగ్గా ఉండాదని చెప్పినాడు. తాళి కట్టకముందే గరిటె పడిపాయ" అంది. పెళ్ళివాళ్ళకు ఫోను చేస్తే ముహూర్తం చెప్పారు. స్కాన్‌లో రక్తస్రావం లేదు. ఇంజెక్షన్ ఇచ్చారు.

సాయంత్రానికి కుడి చెయ్యి లేచింది. మరునాటికి లేచి కూర్చున్నాడు. మాట మాత్రం తిరిగి రాలేదు. నీళ్ళు కావాలన్నా కొబ్బరే, దుప్పటి కావాలన్నా కొబ్బరే.

మంచం పక్కన

మరునాడు డాక్టరమ్మ వార్డుకు వచ్చి, వెంట ఉన్న చిన్న డాక్టర్లందరినీ పంపేసి, నన్ను మాత్రం ఉండమంది. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"సరోజమ్మా, గడ్డ కట్టకుండా ఒక మాత్ర ఉండాది. ఈయప్పకి అది మొదట్లోనే ఇచ్చి ఉండాల్సింది. నేను ఇయ్యలేదు. రక్తం కారతాదని నేను భయపడినాను. ఆ మాత్ర వేసింటే ఇది రాకుండా పోయేదేమో."

ఒక డాక్టరు నోటి వెంట ఇలాంటి మాట నేను ఉద్యోగం మొత్తంలో అదే మొదటిసారి వినడం. ఆ తర్వాత కూడా ఎక్కువసార్లు వినలేదు. సరోజమ్మ ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అనుకున్నాను. ఆమె మొగుడి కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"ఇప్పుడన్నా ఇస్తావా అమ్మా?"

డాక్టరమ్మ తల ఊపింది. మెదడు కాస్త కుదుటపడాలని కొన్నాళ్ళు ఆగి మొదలుపెట్టారు. ఆ నెలలోనే ఆవిడ పైవాళ్ళ వెంటపడి లిఫ్టు పక్కన ఉన్న స్టోరు రూము ఖాళీ చేయించి, ఈ మాత్ర వేసుకునేవాళ్ళకోసమే ఒక గది పెట్టించింది. నన్ను అక్కడ కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి వయసు అనే కారణం ఒక్కటే చూపించి ఎవరికీ మాత్ర ఆపలేదు.

సొప్పు సారు

మా గదిలో మొదటి పెద్ద గొడవ ఆకుకూరల మీద వచ్చింది. ఆకుకూరల్లో రక్తం గడ్డకట్టడానికి సాయపడే విటమిన్ ఉంటుంది, అది వార్ఫరిన్‌కు ఎదురు పనిచేస్తుంది. అందుకని మా డిపార్ట్‌మెంటు అందరికీ ఒకటే మాట చెప్పేది: ఆకుకూరలు పూర్తిగా మానేయండి. ఈ ఊరి మనిషికి ఆకుకూర మానమనడం అంటే ఏమిటో చెప్పేవాళ్ళకు తెలియదు. రాగిముద్ద, ఆకుకూర వేసి కాచే సొప్పు సారు లేకపోతే అది భోజనం కాదు, ఉపవాసం.

సరోజమ్మ మేము చెప్పినట్టే ఇంట్లో ఆకు అన్నది లేకుండా చేసింది. వెంకటరమణప్ప సన్నబడ్డాడు. అయినా రక్తపరీక్ష అంకె ఒకసారి ఆకాశంలో, ఒకసారి పాతాళంలో ఉండేది. రెండు, మూడు మధ్య ఉండాల్సిన అంకె అది; పైకి పోతే రక్తం కారుతుంది, కిందికి పోతే గడ్డ కడుతుంది. మాత్ర పెంచాం, తగ్గించాం. ఏం తింటున్నాడని అడిగితే ఆయన "కొబ్బరి" అనేవాడు. సరోజమ్మ ఉడికించిన బీన్సు, సొరకాయ, చారు అని చెప్పేది. లెక్క కుదరలేదు.

ఒకరోజు డాక్టరమ్మ కూడా గదిలో ఉంది. నేను అదే ప్రశ్న అడిగాను. ఆయన నోరు తెరిచాడు, సరోజమ్మ అలవాటుగా అందుకోబోయింది. డాక్టరమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపింది. ఆయన పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. చెమట పట్టింది. చివరికి వేలు సరోజమ్మ వైపు చూపించి, తల అడ్డంగా ఊపి, "మ... మండపం" అన్నాడు.

దాంతో విషయం తెలిసిపోయింది. వంట చేయకపోయినా పాత శిష్యులు పిలిస్తే పెళ్ళిళ్ళకు వెళ్ళి కూర్చునేవాడు. అక్కడ కడుపారా దంట్లాకు అనే తోటకూర, మెంతికూర తిని వచ్చేవాడు. పెళ్ళి ఉన్న వారం అంకె పడిపోయేది. లేని వారం పైకి లేచేది.

సరోజమ్మ అప్పుడు నవ్వింది. పక్షవాతం వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. తర్వాత ముఖం తుడుచుకుని, కొబ్బరి కాకుండా ఇంకో మాట వచ్చిందమ్మా అంది.

ఆ రోజు నుంచి మేము మాట మార్చాం. మానవద్దు, రోజూ ఒకేలా తినండి. మీరు తినే తిండికి మాత్రను మేం సరిపెడతాం, మాత్ర కోసం మీ తిండిని కాదు. వెంకటరమణప్పకు రోజూ ఒక గిన్నె సొప్పు సారు. మాత్ర కొంచెం పెంచాం. అంకె కుదురుకుంది. పుస్తకాల్లో ఇది అప్పటికే ఉందట. మా దగ్గరికి రావడానికి ఆయన నాలుక మీదుగా రావాల్సి వచ్చింది.

సరోజమ్మ ఆ గదిలో నేర్చుకున్నది వేరే. మొగుడు మాట మొదలుపెడితే ఆగడం నేర్చుకుంది. ఆమెకు అది ఎంత కష్టమో నేను చూశాను. చీర కొంగు వేలికి చుట్టుకుని, పెదవి కొరుక్కుని, ఆయన ఒక్కో మాట వెతుక్కునేదాకా ఉండేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయప్ప ఇంత మాట్లాడింది ఇప్పుడేనమ్మా అని ఒకసారి నాతో అంది. చాలా ఏళ్ళు బతికాడాయన. ఈలపీట జోలికి కూడా వెళ్ళాడు, వేలు కోసుకున్నాడు, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి కూర్చుంటే ఆగిపోయింది. చివరికి పోయింది ముసలితనంతోనే, నిద్రలో. మళ్ళీ పక్షవాతం రాలేదు.

కొంచెం కటువుగా

కొత్తగా చేరే నర్సు పిల్లలకు కొన్ని మాటలు చెప్పాలి. ఆస్పిరిన్ ఈ మాత్రకు బదులు కాదు. పన్ను పీకించుకోవాలని ఎవరికి వాళ్ళు మాత్ర ఆపేసే పేషెంట్లు ఉంటారు, డాక్టరును అడగకుండా ఆపవద్దని ప్రతిసారీ చెప్పండి, విసుక్కోకండి. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి వేసుకునే బిళ్ళలు ఈ మాత్రతో కలిస్తే కడుపులో రక్తం కారుతుంది. అందుకే "ఏం మందులు వాడుతున్నారు" అని మాత్రమే అడగకండి, నొప్పి వస్తే ఏం వేసుకుంటారని అడగండి. ఇప్పుడు రక్తపరీక్షలు అక్కరలేని కొత్త మాత్రలు వచ్చాయి. మంచివే. కానీ లోహపు కవాటం పెట్టినవాళ్ళకు, చిన్నప్పటి కీళ్ళవాత జ్వరంతో కవాటం బాగా సన్నబడ్డవాళ్ళకు పాత వార్ఫరినే దిక్కు. ఆ గది ఇంకా మూయకూడదు.

ఇది ముసలివాళ్ళ జబ్బు అనుకోవడమూ పొరపాటే. మహదేవపుర నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి చేతి గడియారం చూపిస్తూ వచ్చాడు. "సిస్టర్, ఇర్రెగ్యులర్ రిథమ్ అని అలర్ట్ వస్తోంది, ఐ థింక్ వాచ్‌లోనే ప్రాబ్లమ్" అన్నాడు. వాచీలో ఏమీ లేదు. బీపీ ఉంది, బరువు ఉంది, శని ఆదివారాల్లో తాగుడు ఉంది, పక్కగదిలోకి వినిపించే గురక ఉంది. అలాంటి గురక కూడా గుండె లయను చెడగొడుతుంది. అతనికి నిద్ర పరీక్ష చేయించి, తాగుడు మాన్పించి, బరువు తగ్గించాక సగం దడ దానంతట అదే పోయింది. మాత్రల చీటీ రాసే చేతికి ఈ మాటలు చెప్పే ఓపిక కూడా ఉండాలి. చాలామందికి ఉండదు. అక్కడే మనం కావాలి.

మాత్ర

డాక్టర్ వసుంధర రిటైరయ్యాక కూడా వారంలో కొన్ని రోజులు వచ్చి పేషెంట్లను చూసేది. డెబ్బై దాటింది. ఒక ఉదయం లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వచ్చి, నా గదిలోకి తిరిగి, పేషెంట్ల కుర్చీలో కూర్చుంది. ఆయాసం తగ్గాక చెయ్యి చాపింది.

"సుగుణా, ఇట్ల చూడు."

పట్టుకున్నాను. నిమిషం కాకముందే తెలిసింది. అయినా నిమిషం పూర్తిచేశాను. తలెత్తి ఆవిడ వైపు చూశాను. ఆవిడే, "నేనూ అదే అనుకున్నాను" అంది. ఈసీజీ తీసి చేతికిస్తే, ఇంకెవరిదో చూసినట్టు చూసింది. వయసు, బీపీ అన్నీ ఆవిడకు తెలుసు. పేషెంటు ఇంకొకరైతే ఆ పూటే మాత్ర రాసేది.

వారం తర్వాత అడిగాను, వేసుకుంటున్నారా మేడమ్ అని. రేపు మొదలుపెడతానంది. ఇంకో వారం తర్వాత, కిడ్నీ పరీక్ష చూసుకుని అంది. అది కూడా బాగానే వచ్చింది. మూడోసారి అడిగితే పేషెంట్లు కాచుకున్నారు పద అంది. అప్పుడు నేను తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడతో అంత చనువు నేనెప్పుడూ తీసుకోలేదు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. చాలా ఏళ్ళ కిందట, నేను రాకముందు, ఒక రిటైరైన లెక్కల టీచరు ఆవిడ దగ్గరికి వచ్చేదట. నాడి తప్పిన మనిషే. నెలనెలా పెరటి జామకాయలు తెచ్చేది. ఆమెకు డాక్టరమ్మే వార్ఫరిన్ మొదలుపెట్టింది. ఒకరోజు స్నానాల గదిలో జారిపడి ఆమెకు తలలో రక్తం కారింది. బతకలేదు. పలకరింపుకు ఇంటికి వెళితే కూతురు ఒక్క ప్రశ్న అడిగిందట: ఆ మాత్ర లేకపోతే మా అమ్మ బతికేదా? డాక్టరమ్మ లేచి వచ్చేసింది.

"ఈ మాత్ర చేతిలోకి తీసుకుంటే ఆయమ్మ గుర్తొస్తుంది. పేషెంట్లకు రాసేటప్పుడు ఎట్లో దాటుకున్నాను. నోట్లో వేసుకునేటప్పుడు దాటలేకపోతా ఉండాను."

పుస్తకాల్లో లెక్కలన్నీ ఆవిడకు తెలుసు. నేను తలుపు తెరిచాను.

వరండాలో బెంచీల నిండా మా వాళ్ళే. జిగణిలో ఫ్యాక్టరీ క్యాంటీను నడిపే ఆమె టిఫిను డబ్బా విప్పుతోంది. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చే ఒక రైతు, లిఫ్టు ఎప్పుడు బాగవుతుందో సెక్యూరిటీతో వాదిస్తున్నాడు. సరోజమ్మ కూడా ఉంది. మొగుడు పోయాక ఆమెకూ ఇదే జబ్బు బయటపడింది. పక్కామె మనవరాలికి జడ అల్లుతూ ఏదో కథ చెబుతోంది.

"టీచరమ్మకు ఏమైందో మీకు తెలుసు మేడమ్. అది మీ ఎదుట జరిగింది. వీళ్ళకు ఏం కాకుండా పోయిందో మీకు ఎలా తెలుస్తుంది? ఎవరికి రావాల్సిన పక్షవాతం రాలేదో వాళ్ళకే తెలియదు. వచ్చి మనకు చెప్పరు. ఊరికే ఇలా కూర్చుని జడలు అల్లుతుంటారు."

ఆవిడ చాలాసేపు అటే చూసింది. సరోజమ్మ తలెత్తి, డాక్టరమ్మను చూసి, బాగుండావా అమ్మా అని అక్కడి నుంచే అడిగింది. డాక్టరమ్మ చెయ్యి ఊపింది. తర్వాత హ్యాండ్‌బ్యాగు తెరిచి మందుల అట్ట తీసింది. అందులోంచి ఒక్క మాత్ర కూడా తీసి ఉండలేదు. రోజుల తరబడి సంచిలో మోస్తూ తిరిగింది. నేను నీళ్ళు ఇచ్చాను. మింగింది. ఇంకో గుక్క తాగింది.

తర్వాతి పేషెంటుగా ఎవరిని పిలవాలో అడిగింది. క్యాంటీనామెను పిలిచాను.

ఆవిడకు ఇప్పటిదాకా ఏమీ కాలేదు. చిగుళ్ళలో రక్తం కనిపిస్తే మాత్రం కొత్తగా మాత్ర మొదలుపెట్టిన పేషెంటులాగే కంగారుపడి నాకు ఫోను చేస్తుంది. మెత్తటి బ్రష్షు కొనుక్కోమంటాను. నేనూ రిటైరయ్యాక ఆదివారం చర్చి అయ్యాక ఒక్కోసారి వాళ్ళింటికి వెళ్ళి వస్తుంటాను. కొత్త పిల్లల కోసం ఇలా రాస్తున్నానని మొన్న చెప్పాను. వెంకటరమణప్ప సంగతి, మాత్ర సంగతి రాయవచ్చా అని అడిగాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"రాయి. పేరు కావాలంటే మార్చుకో" అంది. "నేను భయపడినది మాత్రం మార్చొద్దు."

పేరు మార్చాను.